మట్టి మిద్దె, ఒక బేల్దారి, ఆరు బిందెలు

తాడిపత్రికి దగ్గరలోని మా ఊళ్లో తాతగారు కట్టించిన మట్టి మిద్దె రెండేళ్ల క్రితం నా పేరు మీదికి వచ్చింది. ఆ సంబరం మొదటి వానకే కారిపోయింది. పడసాలలో నాలుగు చోట్ల, వంటింట్లో రెండు చోట్ల బిందెలు పెట్టి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో ఈ నీళ్లన్నీ మా ఇంటినే ఎందుకు వెతుక్కున్నాయా అనుకుంటూ రాత్రంతా కూర్చున్నాను.

మొదట పట్టణం నుంచి వచ్చిన ఒక సంస్థవారు మిద్దె మీద రసాయనపు పూత వేసి, 38,000 రూపాయలు తీసుకొని, పదేళ్ల గ్యారంటీ కాగితం ఇచ్చారు. ఎండావానలకు మట్టి కదులుతుందన్న సంగతి ఆ పూతకు తెలియదు. మరుసటి వేసవికే అది బీటలిచ్చింది. వాటిలో దిగిన నీరు తిరిగి ఆరే దారి లేక ఒక దూలం నానిపోయింది. కాగితం మీది నంబరుకు ఇప్పటికీ ఎవరూ పలకరు.

ఆ తరువాత పిలిచిన పక్క ఊరి బేల్దారి, అంటే తాపీమేస్త్రి, పని గురించే ఈ సమీక్ష. ఆయన పూతనంతా గీకించి, "మిద్దెకు రబ్బరు చొక్కా తొడిగితే ఉక్కపోయదా సామీ" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదని గ్రహించి, గుప్పెడు చౌడు మట్టిని చిల్లుల గిన్నెలో అదిమి, పైన చెంబెడు నీళ్లు పోసి, బీడీ ముట్టించుకున్నాడు. బీడీ అయిపోయినా గిన్నె అడుగు తడవలేదు. సోడియం లవణాలు ఎక్కువగా ఉండే ఆ మట్టి తడవగానే ఉబ్బి, విడివడిన సన్నని రేణువులతో తన రంధ్రాలను తానే మూసుకుంటుంది. పైరుకు పనికిరాని నేలే ఇంటికప్పుకు గొడుగవుతుంది. రెండు ట్రాక్టర్ల చౌడు జల్లించి, నాలుగంగుళాల మందాన పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, తూముల వైపు వాలు తీయడానికి మూడు రోజులు పట్టింది. కూలీలతో కలిపి 21,500 రూపాయలు అయింది.

లోపాలు లేవని చెప్పను. చెప్పిన రోజుకు పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు, బిల్లు అన్న మాటే లేదు, గీకిన పెచ్చులు వాకిట్లోనే వదిలిపోయాడు. ఆయన కోసం ఎదురుచూస్తూ నేను చిరాకుపడుతున్న రోజుల్లోనే అమ్మ నన్ను తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుని గుడికి తీసుకెళ్లింది. విజయనగర కాలపు ఆ గుడిలో లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది. "ఇక్కడ ఊరితే కళ్లకద్దుకుంటావు, ఇంట్లో కారితే తిట్టుకుంటావు" అని నవ్వి, తాతగారు ఏటా మృగశిర కార్తెకు ముందే మిద్దెకు చౌడు పోయించేవారని అప్పుడు చెప్పింది. ఒకసారి డబ్బు కట్టి మరచిపోదామనుకున్న నాకు ఆ మాటతో కోపం కొంత దిగింది. గ్యారంటీ అడిగితే బేల్దారి కూడా, వచ్చే ఏడు వచ్చి చూస్తానని మాత్రమే అన్నాడు. ఆ మాటను నమ్ముతున్నాను.

అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తున్నాను. హస్త కార్తెలో రెండు రాత్రులు విడవకుండా కురిసినా ఆరు బిందెల్లో అయిదు అటక ఎక్కాయి. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కంత, అదే గవాచి, మూల మాత్రం ఇంకా కారుతోంది. అక్కడ అమ్మ బిందె తీసి ఇత్తడి చెంబు పెట్టింది. పొద్దున్నే అందులోని నీళ్లు తులసికోటలో పోస్తోంది.