కాకటీల్ డమ్మీ గుడ్లు: కొనొచ్చు, మగపక్షి మాత్రం అక్కర్లేదు

ఇంట్లో ఒంటరి ఆడ కాకటీల్ (తల మీద కుచ్చుండే చిన్న చిలుక) గుడ్డు మీద గుడ్డు పెడుతుంటే ఈ ప్లాస్టిక్ డమ్మీ గుడ్లు కళ్లు మూసుకుని కొనేయండి. నాలుగింటి సెట్టు 240 రూపాయలు, బెంగళూరు మారతహళ్లికి మర్నాడే వచ్చాయి.

మా చిట్టి మొదటి గుడ్డు పెట్టగానే ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న, మగది లేకుండా ఎలా అని. పక్షులమ్మే ఒకాయన్ని అడిగితే "తోడు లేక బెంగ పెట్టుకుంది మేడమ్, మగదాన్ని, గూడుపెట్టెని తీసుకెళ్లండి" అన్నాడు. బెంగా లేదు, పాడూ లేదు! తణుకు వైపు లేయర్ ఫారాల్లో గుడ్లు పెట్టే షెడ్డులో పుంజే ఉండదు, అయినా లారీల కొద్దీ గుడ్లు రావట్లేదూ? పచ్చసొన ఎదిగి అండాశయం నుంచి జారడానికి మగదానితో పనిలేదు. కోడిలో అయితే అలా జారిన పావుగంటలోపే వీర్యకణం కలవాలి, కలవకపోయినా ఏదీ ఆగదు, తెల్లసొన చేరుతుంది, పొరలు కడతాయి, చివర్లో దాదాపు 20 గంటలు పెంకు పడుతుంది, మొత్తం మీద 24 నుంచి 26 గంటల్లో గుడ్డు బయటికొస్తుంది. అందులో పిల్ల ఉండదు, అంతే. కాకటీల్ రోజు విడిచి రోజు, విడతకి నాలుగు నుంచి ఆరు దాకా పెడుతుంది.

దీన్ని ఎక్కువగా రెచ్చగొట్టేది వెలుతురు. మన ఐటీ ఇళ్లలో అమెరికా కాల్స్ కోసం హాల్లో లైటు అర్ధరాత్రి దాకా వెలుగుతూనే ఉంటుంది కదా, దాంతో పగలు పొడుగైంది, గుడ్లు పెట్టే కాలం వచ్చేసిందనుకుంటుంది పక్షి ఒళ్లు.

పెట్టిన గుడ్డు తీసేస్తే లోటు పూడ్చడానికి ఇంకోటి పెడుతుంది, ప్రతి పెంకుకీ కాల్షియం కొంత దాని ఎముకల్లోంచే పోతుంది. డమ్మీ ఉంచితే పొదగడం మొదలుపెడుతుంది, పొదిగేటప్పుడు పెరిగే హార్మోను అండాశయానికి విశ్రాంతినిస్తుంది. చిట్టి విషయంలో అచ్చం ఇలాగే జరిగింది, అసలువి తీసి ఇవి పెట్టాక ముక్కుతో ఒక్కోదాన్నీ గడ్డం కిందకి లాక్కుని, పక్కకి తిప్పి, రెక్కలు కొంచెం విప్పి కూర్చుంది, కొత్త గుడ్డు మళ్లీ రాలేదు.

లోపాలు కూడా చెప్పాలి. లోపల డొల్ల, బరువు లేక దొర్లిపోతున్నాయి, అతుకు గీత చేతికి గరుగ్గా తగులుతోంది, నేనైతే గోరుకి రుద్దే ఆకురాయితో అరగదీశాను. గట్టివి దొరికితే అవే కొనండి. ప్యాకెట్లోని కాగితంలో పది రోజులకి తీసేయమన్నారు, అది వినకండి, పిల్ల రావడానికే 18 నుంచి 21 రోజులు పడుతుంది కాబట్టి పక్షే విసిగి వదిలేసేదాకా ఉంచాలి. ఐదుకి నాలుగు స్టార్లు.

పక్కన కాల్షియం కోసం కటిల్‌బోన్ (పక్షులు కొరుక్కునే ఒక సముద్రజీవి లోపలి పెంకు) పెట్టండి, సాయంత్రం ఆరున్నరకల్లా గుడ్డ కప్పి చీకటి చేయండి. గుడ్డు రాక ముక్కుతూ, ఒళ్లు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటే మాత్రం ఇవేవీ పనికిరావు, పక్షుల్ని చూసే డాక్టరు దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి.