పాంగాంగ్ పొద్దుపొడుపు: 7,200 టెంటు, 1,400 ఇల్లు

లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దగ్గర తెల్లవారుజామున ఫోటోలు తీద్దామని వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, ఒడ్డునున్న స్పాంగ్మిక్ ఊళ్లో 'లేక్ వ్యూ' పేరుతో అమ్మే టెంట్లకి ముందే డబ్బు కట్టొద్దు. మా దగ్గర రాత్రికి 7,200 తీసుకున్నారు, సగం అడ్వాన్స్. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

లేహ్‌లో అంతా హాయిగా గడిచింది. ఎత్తుకి ఒళ్లు అలవాటుపడేదాకా అక్కడే ఉన్నాం. టాక్సీ యూనియన్ రేటు మీద ఇన్నోవా మాట్లాడుకుని, 17 వేల అడుగులు దాటిన చాంగ్ లా కనుమ మీదుగా మధ్యాహ్నానికి సరస్సు చేరాం. డ్రైవర్ బంగారం లాంటి మనిషి.

ఇక ఆ క్యాంపు. మంచం మీంచి టెంటు జిప్పు తీసి చూస్తే ముందు రెండు వరసల తెల్ల టెంట్లు, వాటి సందులో జనరేటర్, దాని పక్కన డీజిల్ డబ్బాలు. సరస్సు కనిపించాలంటే లేచి నిలబడి మెడ చాచాలి. కరెంటు రాత్రి ఏడు నుంచి పదకొండు వరకే. వేడినీళ్లు ఉదయం మనిషికో బకెట్, అదీ ఏడున్నర తర్వాత. మా బావమరిదికి తలనొప్పి మొదలై, "బావా, పొద్దున్నే లేహ్‌కి వెళ్లిపోదాం" అని దుప్పట్లోంచే గొణిగాడు. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

తెల్లవారుజామున ఐదున్నరకి ట్రైపాడ్ భుజాన వేసుకుని బయటికొస్తే సరస్సు వైపు గేటుకి తాళం! మేనేజర్ని లేపాను. "ఏడింటికి టీ ఇచ్చేటప్పుడు తీస్తాం సర్, రూల్" అన్నాడు. సెప్టెంబరు చివర్లో అక్కడ ఆరింటికల్లా తెల్లారుతుంది. పొద్దు చూపిస్తామని డబ్బు తీసుకుని పొద్దెక్కాక తలుపు తీస్తామనడం పచ్చి మోసం. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి ఒడ్డు చేరాను. దాదాపు 14 వేల అడుగుల ఎత్తులో ఆ బరువుతో పది అడుగులకోసారి ఆగాల్సిందే. అప్పటికే మంచుకొండల మీద గులాబీ రంగు పోయి మామూలు ఎండ వచ్చేసింది.

మర్నాటికి ఉన్న బుకింగ్ వదిలేసి, మాన్ ఊరు దాటి మెరక్ వెళ్లాం. అక్కడ ఒక ఇంట్లో మనిషికి 1,400, రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ కలిపి. వంటగదిలోనే కూర్చోబెట్టారు. మధ్యలో ఇనుప పొయ్యి, అందులో ఎండు పేడ, గోడ పొడవునా అరల్లో తళతళలాడే ఇత్తడి గిన్నెలు. ఆ ఇంటావిడని అందరూ అమాలే (లద్దాఖీలో అమ్మ) అంటుంటే మేమూ అలాగే పిలిచాం. వేడి వేడి తుక్పా (నూడుల్స్ సూప్) రెండు గిన్నెలు తాగాక మా బావమరిది ముఖంలో కళ వచ్చింది, వెళ్లిపోదామన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఉదయం ఫోటోల కోసం వెళ్తానంటే అమాలే నన్ను గుమ్మం దాకా తీసుకెళ్లి, వెలుగు మొదట ఏ కొండ మీద పడుతుందో చెయ్యి చాపి చూపించింది. నాలుగున్నరకే లేచి ఫ్లాస్కులో టీ, గుడ్డలో చుట్టిన ఖంబీర్ రొట్టె ఇచ్చింది.

ఫోటోలు తీసేవాళ్లు తెలుసుకోవాల్సింది ఆవిడ చూపించిందే. ఈ ఊళ్లన్నీ సరస్సుకి దక్షిణపు ఒడ్డున ఉన్నాయి. సూర్యుడు అవతలి గట్టు కొండల వెనక నుంచి వస్తాడు, కాబట్టి సరస్సుకేసి కెమెరా పెడితే అవతలి కొండలు నల్లగా పడతాయి. తొలి వెలుగు పడేది మన వెనక మంచుకొండల మీద. ఊరి కింద పచ్చికలో నిలిచిన నీళ్లకి సరస్సు వైపున కూర్చుని, కెమెరా నేలకి ఆనించి, ఆ కొండల వైపు తిప్పాలి. నీళ్లలో కొండ మొత్తం దిగుతుంది. లెన్స్‌కి తగిలించే పోలరైజర్ ఫిల్టర్ తీసేయాలి, అది నీళ్లలోని నీడని చంపేస్తుంది. అవతలి కొండల రంగులు కావాలంటే సాయంత్రం రావాలి. గాలి లేవకముందే పని కానివ్వాలి. ఆ ఉదయం ఎక్కడా అల లేదు. ఒక గల్ పక్షి ఈదుకుంటూ వస్తే దాని వెనక గీత విచ్చుకుంటూ పోయి, నీళ్లలోని శిఖరాన్ని రెండుగా చీల్చింది. గీత చెదిరేదాకా ఆగి తీశాను, అదే నాకు దక్కిన మంచి ఫోటో.

చలికి బ్యాటరీలు ఇట్టే దిగిపోతాయి, రాత్రి రగ్గులో పక్కన పెట్టుకుని పడుకోండి. చలిలోంచి పొయ్యి ఉన్న గదిలోకి వచ్చే ముందే కెమెరాని బ్యాగులో మూసేయండి, లేకపోతే లెన్స్ చెమరుస్తుంది. మా ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయలేదు, నగదు దగ్గరుంచుకోండి. మెరక్‌లో గదులు కొన్నే. లేహ్‌లోనే డ్రైవర్ చేత ఫోన్ చేయించి, రేటుతో పాటు తెల్లవారుజామున తలుపు ఎన్నింటికి తీస్తారో కూడా అడిగి మరీ బయల్దేరండి.