బెన్ గ్రిమ్, కిట్టీ ప్రైడ్: దాచుకున్న నక్షత్రం, మెడలో నక్షత్రం

ఇద్దరూ మార్వెల్ కామిక్స్ సూపర్‌హీరో పాత్రలే, ఇద్దరూ యూదులే. అయితే బెన్ సంగతి పాఠకులకు చెప్పడానికి 40 ఏళ్లు పట్టింది.

రాతి ఒళ్లున్న బెన్ గ్రిమ్ 1961లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’తో వచ్చాడు. అతను పెరిగిన యాన్సీ స్ట్రీట్‌లో, అతన్ని గీసిన చిత్రకారుడు జాక్ కిర్బీ పెరిగిన న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ కనిపిస్తుంది. (కిర్బీ అసలు పేరు జేకబ్ కర్ట్‌జ్‌బర్గ్.) 1970ల్లో కిర్బీ బెన్‌కు కిప్పా (యూదులు పెట్టుకునే చిన్న టోపీ) పెట్టి, ప్రార్థన శాలువా కప్పి, సొంతానికి ఒక బొమ్మ గీసుకున్నాడు. అచ్చులో మాత్రం 2002 దాకా ఆ ఊసే లేదు. ఆ ఏడాది కథలో, చిన్నప్పుడు దొంగిలించిన దావీదు నక్షత్రాన్ని (యూదుల గుర్తు) తాకట్టు కొట్టు ముసలాయనకు తిరిగి ఇవ్వడానికి వెళ్తాడు బెన్. ఆయన కుప్పకూలితే యూదుల ‘షెమా’ ప్రార్థన చదువుతాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, తనను చూసి యూదులంతా రాక్షసులే అనుకుంటారేమోనని!

కిట్టీకి ఆ బెరుకు లేదు. గోడల్లోంచి నడిచిపోయే ఈ ‘ఎక్స్-మెన్’ పిల్ల 1980లో వచ్చింది. 1982లో డ్రాక్యులా ఆమె గొంతు పట్టుకుంటే, మెడలోని నక్షత్రం తగిలి చెయ్యి కాలుతుంది.

అభిమానులు గీయడానికి కిట్టీయే సులువు, మెడలో నక్షత్రం గొలుసు ఒకటి చాలు. నా ఓటు మాత్రం బెన్‌కే. ఆ బండ వేళ్ల మధ్య అంత సన్నని గొలుసును తెగకుండా పట్టించడంలోనే ఉంది పనితనమంతా.