నీళ్లు తాగే తుపాకీ: వికర్స్ .303 మెషిన్ గన్ రివ్యూ

వికర్స్ గురించి ఎవరైనా మొదట అడిగేది ఒకటే: నిమిషానికి ఎన్ని తూటాలు? 450 నుంచి 500. ఈ లెక్కలో దీని గొప్పేమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎంజీ 42 మెషిన్ గన్ దీనికి రెండింతలకు పైగా కాల్చింది. అడగాల్సింది ఎన్ని గంటలు కాలుస్తుందని. 1912 నవంబరులో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఈ తుపాకీ 1968 దాకా కొలువులో ఉండటానికి కారణం ఆ ఓపికే.

లోపలి సూత్రం తనంతట తానే కాల్చే మాక్సిమ్ మెషిన్ గన్‌ను కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ 1884లో చూపించినదే. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఊపుతోనే పేలిన తూటా ఖాళీ గొట్టం బయటికి, కొత్త తూటా లోపలికి. మాక్సిమ్ తుపాకీలో తూటా వెనక బిగుసుకుని కిందికి మడత పడే కీలును వికర్స్ కంపెనీ వాళ్లు పైకి మడత పడేలా తిప్పి పెట్టారు. దాంతో ఆ కీలు ఉండే పెట్టె ఎత్తు తగ్గింది, తుపాకీ 15 కిలోలకు దిగింది. అది నీళ్లు పోయకముందు సంగతి.

అసలు పనితనమంతా నీళ్లలోనే ఉంది. బ్యారెల్ చుట్టూ ఉన్న తొడుగులో సుమారు 4 లీటర్లు పడతాయి. ఆపకుండా 600 తూటాలు కాలిస్తే అవి మరుగుతాయి. ఆ తర్వాత ప్రతి వెయ్యి తూటాలకు అర లీటరుకు పైనే ఆవిరైపోతుంది. నీళ్లు ఉన్నంతసేపు బ్యారెల్ ఎర్రగా కాలదు. ఆవిరిని ఒక రబ్బరు గొట్టం పక్కనున్న డబ్బాలోకి తీసుకెళ్తుంది. ఆ డబ్బాలో ముందే కొన్ని నీళ్లు పోసి, గొట్టం కొస వాటిలో మునిగేలా పెట్టాలి. లేదంటే తెల్లటి ఆవిరి పైకి లేచి, ఇక్కడో మెషిన్ గన్ ఉందని శత్రువుకు చాటింపు వేసినట్టే. డబ్బాలో చేరిన నీళ్లను మళ్లీ తొడుగులోకే పోసుకోవచ్చు. ఆ నీళ్లతో టీ కాచుకునేవాళ్లని చెబుతారు గానీ, నూనె వాసన కొట్టే ఆ టీ తాగాలంటే చలి ఎముకలు కొరకాల్సిందే. గడ్డకట్టే చలిలో నీళ్లలో గ్లిజరిన్ కలపడం మామూలు.

చిన్నదిగా కనిపించే పెద్ద తలనొప్పి ఆస్‌బెస్టాస్ తాడు. కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ వెనక్కీ ముందుకీ కదలాలి, అయినా తొడుగులో నీళ్లు కారకూడదు. అందుకే బ్యారెల్ రెండు కొసల దగ్గరా నూనెలో తడిపిన ఆస్‌బెస్టాస్ తాడు చుడతారు. వదులైతే నీళ్లు కారతాయి. బిగువు ఎక్కువైతే రాపిడి పెరిగి బ్యారెల్ పూర్తిగా వెనక్కి రాదు, తుపాకీ మధ్యలో ఆగిపోతుంది. ఈ బిగువు చేతికి తెలియాలే తప్ప, పుస్తకం చదివితే వచ్చేది కాదు. వెనక్కి వెళ్లిన బ్యారెల్‌ను మళ్లీ ముందుకు తెచ్చే స్ప్రింగు కథా ఇంతే, అది తుపాకీ ఎడమ పక్కన చిన్న డబ్బాలో ఉంటుంది. కొలిచే కాటా తగిలించి 7 నుంచి 9 పౌండ్ల మధ్య సరిచూడాలి. ఎక్కువైతే తన్ను చాలదు.

ఆగిపోతే ఏం చేయాలి? దీని డిజైనులో నాకు బాగా నచ్చింది ఇక్కడే. కుడి పక్కనున్న క్రాంక్ పిడి ఎక్కడ ఆగిందో చూస్తే జబ్బేమిటో తెలిసిపోతుంది. సైనికులకు నాలుగు స్థానాలు నేర్పేవాళ్లు. మొదటి స్థానంలో ఆగితే తన్ను చాలలేదు: రాపిడో, నూనె లేకపోవడమో, స్ప్రింగు బిగువో. రెండో స్థానమైతే తూటా బ్యారెల్ వెనక పేలే గదిలోకి (చాంబర్‌లోకి) సరిగ్గా పోలేదు: సొట్టపడిన తూటా, లేదా విరిగి లోపలే మిగిలిన గొట్టం. మూడో స్థానం బెల్టు అందించడంలో లోపం. నాలుగో స్థానం, అంటే పిడి పూర్తిగా పడుకుని ఉండి కూడా పేలకపోతే, తుస్సుమన్న తూటా, బెల్టులో ఖాళీ గది, లేదా తూటాను కొట్టి పేల్చే సూది, అంటే ఫైరింగ్ పిన్, విరగడం. చీకట్లో చూపు అక్కర్లేదు, చెయ్యి పెట్టి తడిమితే చాలు.

బెల్టుకు మాత్రం మార్కులు తగ్గించాల్సిందే. 250 తూటాలు పట్టే కాన్వాసు బెల్టు తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బిగుస్తుంది, తూటా వరస తప్పుతుంది. అందుకే రెండో మనిషి పని బెల్టును అరచేతుల మీద ఆనించి, తిన్నగా అందేలా చూడటం. వినడానికి సులువుగా ఉంటుంది గానీ, ఫిరంగి గుండ్ల మధ్య పడుకుని చేయాల్సిన పని.

ఇక ఖర్చు. గంటకు 10,000 తూటాలు వేసుకోండి, అంతకే బ్యారెల్ అరిగి మార్చాల్సి వస్తుంది. చేయి తిరిగిన జట్టుకు అది రెండు నిమిషాల పని. 10,000 తూటాలంటే 40 బెల్టు పెట్టెలు. పెట్టె సుమారు 10 కిలోలు, అంటే గంటకు 400 కిలోలు ఎవరో ఒకరు మోయాలి. 1916 ఆగస్టు 24న ఫ్రాన్స్‌లోని హై వుడ్ దగ్గర 100వ మెషిన్ గన్ కంపెనీ పది వికర్స్‌లతో 12 గంటల్లో పది లక్షలకు కాస్త తక్కువగా కాల్చిందని ప్రసిద్ధి. ఆ లెక్కను అనుమానించేవాళ్లూ ఉన్నారు. తుపాకీ మాట అటుంచండి, నీళ్లూ తూటాలూ మోసినవాళ్లే ఆశ్చర్యం.

యుద్ధాన్ని ఇది ఎలా మార్చిందంటే, గురి మనిషి మీద నుంచి నేల మీదికి మారింది. దూరం నుంచి కాల్చిన తూటాలు పొడవుగా, సన్నగా సాగిన పట్టీలా పడతాయి. ఎదురుగా నిలబడి కాలిస్తే ఆ పట్టీ వరుసగా వచ్చే మనుషులను అడ్డంగా మాత్రమే కోస్తుంది. పక్కనుంచి కాలిస్తే వరస మొత్తం పట్టీలోనే ఉంటుంది. అందుకే మెషిన్ గన్‌లను ఒక అంచున పెట్టి, ముందు ముళ్లకంచె వేసేవాళ్లు. తుపాకీ వెనక పట్టుకునే పిడిని అరచేత్తో ఒక తట్టు, ఒక విడత తూటాలు, మళ్లీ తట్టు: నేలంతా కొలిచినట్టు కవరవుతుంది. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఒక్క రోజులో 57,470 మందిని నష్టపోయారు, వాళ్లలో 19,240 మంది చనిపోయారు. ఫిరంగులూ ఉన్నాయి గానీ, కంచె దగ్గర ఆగిపోయినవాళ్లను తీసుకుపోయింది జర్మన్ ఎంజీ 08 మెషిన్ గన్. అదీ మాక్సిమ్ సంతానమే. బ్రిటిష్ సైన్యం 1914లో బెటాలియన్‌కు రెండు మెషిన్ గన్‌లతో, వాటిలో చాలావరకు పాత మాక్సిమ్‌లతో యుద్ధానికి వెళ్లింది. ఆ ఏడాది అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెక్ దగ్గర అలాంటి మెషిన్ గన్ జట్టులో చివరిదాకా కాల్చిన ఖుదాదాద్ ఖాన్‌కు బ్రిటిష్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. భారత సైనికుడికి అది మొదటిసారి.

అన్నిటికన్నా పెద్ద లోపం బరువు. తుపాకీ 15, నీళ్లు 4, ముక్కాలి 20 కిలోలకు పైన. కందకంలో కూర్చున్నవాడికి ఇది దేవుడు, కందకం దాటి వెళ్లేవాడికి బండరాయి. శత్రువు కందకం పట్టుకున్నాక దీన్ని అక్కడికి చేర్చేలోపే ఎదురుదాడి వచ్చేస్తుంది. 12 కిలోల పైచిలుకు లూయిస్ గన్‌ను 47 తూటాల పళ్లెంతో పరుగెత్తే వాళ్ల చేతికి ఇచ్చింది అందుకే. లూయిస్ గంటల తరబడి కాల్చలేదు. వికర్స్ పరుగెత్తలేదు. రెండూ కావాల్సి వచ్చాయి, ఆ రెంటికీ లొంగని చోటికి ట్యాంకు వచ్చింది.

ఉక్రెయిన్ యుద్ధంలో నూరేళ్లు దాటిన మాక్సిమ్ డిజైను తుపాకులను జంటగా బిగించి డ్రోన్‌ల మీద కాల్చారు. వాహనం మీద ఎక్కిస్తే మోయాల్సిన బాధ లేదు కదా.