చైనా వాళ్ల ఇంగ్లిష్ డిక్షనరీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

చైనాలోని షెన్‌జెన్‌లో మా కంపెనీ సర్క్యూట్ బోర్డులు చేసి అమ్ముతుంది. కొనేవాళ్లు యూరప్‌లోనూ మన దేశంలోనూ ఉంటారు. వాళ్లకు మెయిళ్లు రాసేది మా టీములోని చైనా అమ్మాయిలూ అబ్బాయిలూ. పంపే ముందు ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికి తెస్తారు. ఆ పని మీదే నా బల్ల మీదికి ఒక లావుపాటి ఇంగ్లిష్-చైనీస్ డిక్షనరీ వచ్చి చేరింది. ఇంగ్లిష్ మాటకు ముందు ఇంగ్లిష్‌లోనే వివరణ, పక్కన చైనీస్‌లో అర్థం, కింద ఉదాహరణ వాక్యం, దానికీ చైనీస్ అనువాదం. ఇలా రెండు భాషల్లో విడమరిచి చెప్పే రకాన్ని ఇక్కడ 'శ్వాంగ్‌జియె' అంటారు. మన ఇంగ్లిష్-ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుల్లాంటిదే, కాకపోతే ఇంకా లావు.

ఫలానా పబ్లిషర్‌ది అని రాయడం లేదు. పుస్తకాల షాపులో ఈ రకానివి పక్కపక్కనే పేర్చి ఉంటాయి. నేను చెప్పే మంచీ చెడూ దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. చైనీస్ సగం మాత్రం చూసి మూసేసేవాళ్లకు ఇది డబ్బు దండగ. ఆ సగం ఫోనులో ఉచితంగానే దొరుకుతుంది. దీన్ని కొనాల్సింది ఇంగ్లిష్ సగం కోసం. విచిత్రం ఏమిటంటే, కొన్నవాళ్లలో ఎక్కువమంది ఆ సగం వైపు కన్నెత్తి చూడరు.

ఒక ఉదాహరణ చెప్తాను. గ్వాంగ్‌జౌలో ఏడాదికి రెండుసార్లు జరిగే క్యాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శనకు ముందు మా అమ్మాయి ఒకామె జర్మనీ కస్టమర్‌కు మెయిల్ రాసింది. కొత్త బోర్డుల బ్రోషర్లు జతచేస్తూ, వాటిని 'అవర్ ప్రోపగాండా మెటీరియల్స్' అంది. గ్రామర్ తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. చదివి నవ్వు ఆపుకోవడమే కష్టమైంది. ఆమె ఆ మాటను ఫోనులో వెతికే రాసింది. చైనీస్‌లో 'శ్వెన్‌ఛ్వాన్' అంటే ప్రచారం. సినిమాకు చేసేదీ అదే, టీకాలకు చేసేదీ అదే, అందులో మంచీ చెడూ లేదు. మన 'ప్రచారం' కూడా అంతేగా? ఎన్నికల ప్రచారం, వస్తు ప్రచారం అని హాయిగా అంటాం. చెడ్డదని చెప్పాలంటే ముందు 'దుష్' తగిలించాలి. ఇంగ్లిష్‌లో ఆ 'దుష్' మాట లోపలే దాగి ఉంది.

పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. చైనీస్ అర్థం దగ్గర అదే శ్వెన్‌ఛ్వాన్ ఉంది, ఏ హెచ్చరికా లేదు. కానీ దానికి ముందున్న ఇంగ్లిష్ వివరణలో, ఒక పార్టీకో నాయకుడికో మద్దతు కూడగట్టడానికి చెప్పే అబద్ధాలు, అతిశయోక్తులు అన్న భావం స్పష్టంగా ఉంది. పైగా, సాధారణంగా నిందగా వాడతారని చిన్న అక్షరాల్లో ఒక గుర్తు. ఆమె ఆ గుర్తును వేలితో చూపించి, ఇన్నాళ్లూ అది అక్షర దోషమేమో అనుకున్నానంది. చైనా కమ్యూనిస్టు పార్టీలో ఇదే పనికి ఒక శాఖ ఉంది. దాని చైనీస్ పేరు మారలేదు గానీ, ఇంగ్లిష్‌లో ప్రోపగాండాను తీసేసి పబ్లిసిటీ డిపార్ట్‌మెంట్ అని రాసుకుంటున్నారు. అంత పెద్ద పార్టీకి తెలిసొచ్చిన సంగతి మా ఆఫీసుకు తెలియడానికి ఆ చిన్న గుర్తు కావాల్సి వచ్చింది.

ఇలాంటి చోట్ల పుస్తకం చాలా బాగా పనిచేస్తుంది. 'యాంబిషస్' తీసుకోండి. చైనీస్‌లో దీనికి రెండు మాటలు పక్కపక్కనే ఇస్తారు. ఒకటి 'శ్యోంగ్‌శిన్', గొప్ప ఆశయం. రెండోది 'యేశిన్', ఇంకొకరిని తొక్కి పైకి రావాలనే దురాశ. ఉద్యోగానికి అప్లై చేసుకుంటూ తాను యాంబిషస్ అని రాయడానికి భయపడే చైనా కుర్రాళ్లను చూశాను. చిన్నప్పుడు ఎప్పుడో రెండో అర్థం తలకెక్కి, అదే ఉండిపోయింది. ఉదాహరణ వాక్యాలు రెండు చదివితే భయం పోతుంది.

అర్థాల కన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది క్రియల పక్కన ఉండే చిన్న చిన్న సూచనలు. ఈ క్రియ తర్వాత మనిషి నేరుగా రావచ్చా, 'టు' పెట్టాలా, 'దట్' పెట్టాలా అన్నవి. ఈ పద్ధతిని నిఘంటువుల్లో నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లిష్ మాస్టారు. ఆయన జపాన్‌లో పాఠాలు చెబుతూ, అక్కడి పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూసి, ఇంకో ఇద్దరితో కలిసి నిఘంటువు తయారు చేశాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ నుంచి మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు ప్రపంచమంతా వాడే లెర్నర్స్ డిక్షనరీలు ఆ దారిలో వచ్చినవే. అప్పటిదాకా నిఘంటువులు ఎక్కువగా ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లకు రాసినవి. వాళ్లకు తెలియనిది కఠినమైన మాటల అర్థం. మనకు తెలియనిది 'సజెస్ట్' తర్వాత ఏం రావాలన్నది.

ఆ 'సజెస్ట్' దగ్గరే మా టీమూ నేనూ ఒక జట్టు. 'సజెస్ట్ మీ టు' అని వాళ్లూ తప్పుగా రాస్తారు, మన హైదరాబాద్ ఆఫీసుల్లోనూ రోజూ వినిపిస్తుంది. రెండు భాషల్లోనూ సలహా మనిషికి ఇచ్చేది కాబట్టి మనిషిని వెంటనే తగిలిస్తాం. ఇంకో చోట దారులు విడిపోతాయి. మనం 'గురించి చర్చించాం' అంటాం కాబట్టి 'డిస్కస్ అబౌట్' అనేస్తాం. చైనీస్‌లో చర్చించే క్రియకు విషయం నేరుగా తగులుతుంది, అందుకని వాళ్లు ఇక్కడ మనకన్నా నయం. 'మ్యారీ' దగ్గర తిరగబడుతుంది. వాళ్ల భాషలో ఒకరితో పెళ్లాడతారు, 'మ్యారీ విత్ హిమ్' అని వచ్చేస్తుంది. మనం 'అతన్ని పెళ్లి చేసుకుంది' అంటాం కాబట్టి ఆ బాధ లేదు. మాట మారినప్పుడల్లా ఎవరు గట్టెక్కుతారో మారిపోతుంది, అది చూడటం నాకు సరదా.

ఇక లోపాలు. మొదటిది ఈ పుస్తకం స్వభావంలోనే ఉంది, దీన్ని ఎవరూ సరిచేయలేరు. అనుమానం వస్తేనే కదా డిక్షనరీ తీసేది. అనుమానమే రాని చోట అది ఏం చేయగలదు? చైనీస్‌లో 'ఖాయ్' అంటే తలుపు తెరవడం, లైటు వేయడం, కారు నడపడం, మీటింగ్ పెట్టడం కూడా. కనుక 'ఓపెన్ ద లైట్' అని వాళ్ల నోట ధీమాగా వస్తుంది. 'ఓపెన్' అనే మాట చిన్న క్లాసులోనే వచ్చేసింది, దాన్ని ఇప్పుడు వెతుక్కునేవాళ్లెవరు? 'ఖాన్' కూడా అంతే. పుస్తకాన్నీ టీవీనీ సినిమానీ ఖాన్ చేస్తారు, అనారోగ్యం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లడానికీ అదే మాట. 'సీ', 'లుక్', 'వాచ్', 'రీడ్' నాలుగింటి కిందా ఎక్కడో ఒకచోట అదే అక్షరం కనిపిస్తుంది. కొన్ని ఎడిషన్లలో ఇలాంటి దగ్గరి మాటల తేడాలు చెప్పే పెట్టెలు ఉంటాయి. 'బారో'కూ 'లెండ్'కూ అలాంటి పెట్టె తప్పనిసరిగా కావాలి, ఎందుకంటే చైనీస్‌లో అప్పు తీసుకోవడమూ ఇవ్వడమూ ఒకటే 'జియె'. డబ్బు విషయం కాబట్టి ఇక్కడ నవ్వుతో పోదు.

'బికాజ్' పెట్టి మళ్లీ 'సో', 'ఆల్దో' పెట్టి మళ్లీ 'బట్' రాయడం ఇంకో రకం. చైనీస్‌లో ఇవి జంటలుగానే నడుస్తాయి. 'ఆల్దో' దగ్గర 'బట్ వద్దు' అని ఒక్క ముక్క రాస్తే చాలు, కానీ దాన్ని చదవాలన్నా ఆ పేజీ తెరవాలి కదా. అది తెలిసిన మాటే అని ఎవరూ తెరవరు.

అంకెల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మాది కొటేషన్ల వ్యాపారం. చైనా లెక్క పదివేల మీద నడుస్తుంది. పదివేలు 'వాన్', పది కోట్లు 'యి'. మన లక్ష వాళ్లకు పది వాన్‌లు, మన కోటి వెయ్యి వాన్‌లు. మధ్యలో ఇంగ్లిష్ మిలియన్ వచ్చి ఇద్దరి లెక్కా చెడగొడుతుంది. లాఖ్, క్రోర్ రెండూ నా డిక్షనరీలో ఇండియన్ ఇంగ్లిష్ అన్న గుర్తుతో, చైనీస్ విలువతో సహా ఉన్నాయి. ఇండియా మెయిళ్లు చూసే కుర్రాడికి ఆ పేజీలో చీటీ పెట్టి ఇచ్చాను. 25 లక్షలంటే 250 వాన్‌లు అని చెప్పగానే గది అంతా నవ్వులు. చైనీస్‌లో 250 అంటే తెలివితక్కువవాడని తిట్టు, ఆ రేటు ఎవరికీ పంపొద్దన్నారు.

పరీక్షల గురించి క్లుప్తంగా చెప్తాను. గావ్‌ఖావ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లిష్‌కు 150 మార్కులు. డిగ్రీలో 1987 నుంచి నడుస్తున్న కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్ ఉంది, దాని నాలుగో లెవెల్‌కు 710కి 425 వస్తే గట్టెక్కినట్టు లెక్క. ఆ టెన్షన్‌లో అందరూ పట్టుకునేది మాటల జాబితాల యాప్‌లను. అక్షర క్రమంలో మొదట వచ్చే మాట 'అబాండన్', అంటే వదిలేయడం. మొదటిరోజే వదిలేశామని ఇక్కడి కుర్రాళ్లు తమ మీద తామే జోకులేసుకుంటారు. ఈ యాప్‌లలో మాటకు ఒక్క చైనీస్ అర్థం, నాలుగు ఆప్షన్లు, సరైనదానికి టిక్కు, మధ్యమధ్యలో యాడ్లు. పరీక్షకు అవి చాలు. మా మెయిళ్లలో కనిపించే తప్పుల్లో సగం మాత్రం అక్కడినుంచే వచ్చినవని నా నమ్మకం. 'ది ప్రైస్ ఈజ్ వెరీ ఎక్స్‌పెన్సివ్' అన్నది వాటిలో రాజు. ధర హై అవుతుంది, వస్తువు ఎక్స్‌పెన్సివ్ అవుతుంది. ఈ తేడా ఒక్క ఉదాహరణ వాక్యంలో దొరుకుతుంది, టిక్కుల్లో దొరకదు.

తెలుగువాళ్లు కొనాలనుకుంటే ఒక హెచ్చరిక. ఎంబీబీఎస్ కోసం చైనా వచ్చే మన పిల్లలు చైనీస్ నేర్చుకోవడానికి ఇది పనికొస్తుందా అని అడుగుతుంటారు. ఇది చైనీస్ వచ్చినవాళ్లకు రాసినది, కాబట్టి చైనీస్ అర్థాల పక్కన పిన్‌యిన్, అంటే ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో చూపే రాత, ఉండదు. అక్షరం చూసి ఎలా పలకాలో తెలియదు, మళ్లీ ఫోన్ కెమెరా పెట్టాల్సిందే. చైనీస్ చదవడం కాస్త వచ్చాక మాత్రం ఉదాహరణ వాక్యాల అనువాదాలు బంగారం. రెండు భాషల వాక్యాలు ఒకదాని కింద ఒకటి అంత శుభ్రంగా ఇంకెక్కడా నాకు దొరకలేదు.

కాగితం మరీ పలచన, వెనక అక్షరాలు కనిపిస్తాయి. నలభై దాటినవాళ్లకు కళ్లద్దాలు తప్పవు. బరువు సంగతి చెప్పక్కర్లేదు, ఇంటికీ ఆఫీసుకీ మోయలేక నేను ఆఫీసులోనే వదిలేస్తాను. కొత్తది 150 యువాన్ల పైనే ఉంటుంది. పాతది చవకగా దొరుకుతుంది గానీ, ఎడిషన్ మరీ పాతదైతే ఫోన్లు, ఇంటర్నెట్ చుట్టూ పుట్టిన మాటలుండవు.

కొనేముందు లిపి చూసుకోండి. చైనీస్ అక్షరాలకు పాత సంప్రదాయ రూపం, గీతలు తగ్గించిన సరళ రూపం అని రెండున్నాయి. పక్కనే ఉన్న హాంకాంగ్‌లో దొరికేవి సంప్రదాయ అక్షరాల్లో ఉంటాయి, షెన్‌జెన్‌లో దొరికేవి సరళ అక్షరాల్లో. తైవాన్ వాళ్లతో పనిచేసేవాళ్లకు లిపి ఒక్కటి మార్చితే సరిపోదు, మాటలే వేరు. సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడ 'రువాన్‌జియెన్', అక్కడ 'రువాన్‌థి'. టాక్సీకి షెన్‌జెన్ పుస్తకంలో ఒక మాట, తైపేలో ఇంకోటి, హాంకాంగ్‌లో మూడోది. మీ ఎదుటివాళ్లు ఎక్కడివాళ్లో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.