తలకిందుల విమానం చూడ్డానికి వాషింగ్టన్, ముద్ర కోసం ఫిలడెల్ఫియా

"అమెరికా వచ్చి పోస్టాఫీసు చూస్తావా నాన్నా?" అని మా అబ్బాయి నవ్వాడు. నవ్వనీ. తెనాలిలో ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టిన స్టాంపుల ఆల్బమ్ నా దగ్గర ఇంకా ఉంది. అందులో అమెరికా పేజీలో మూల చిరిగిన గాంధీగారి బిళ్ళ ఒకటి. 1961 జనవరి 26న, మన రిపబ్లిక్ డే నాడే, అమెరికా విడుదల చేసిన నాలుగు సెంట్ల బిళ్ళ అది. వైట్ హౌసూ, లింకన్ మెమోరియలూ పోయినసారే చూశాం. ఈసారి పోస్టల్ మ్యూజియం చూడాల్సిందేనని పట్టుబట్టాను.

వాడుండేది వాషింగ్టన్ శివారు యాష్‌బర్న్‌లో. అక్కణ్ణుంచి సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి, మెట్రో సెంటర్‌లో రెడ్ లైన్‌కి మారితే యూనియన్ స్టేషన్‌లో దిగొచ్చు. గంట పైనే పడుతుంది కానీ కారు పార్కింగ్ టెన్షన్ ఉండదు. మ్యూజియం స్టేషన్ పక్కనే. 1914 నుంచి 1986 దాకా ఊరి పెద్ద పోస్టాఫీసుగా నడిచిన భవనం, 1993లో మ్యూజియం అయింది. టికెట్ లేదు. లోపల హాల్లో పాత తపాలా విమానాలు నెత్తి మీద వేలాడుతుంటాయి. పిల్లలు వాటినీ, రైల్వే తపాలా పెట్టెనీ వదలరు. నేను మాత్రం నేరుగా స్టాంపుల గ్యాలరీకి పోయాను. మీరూ అలాగే చెయ్యండి, కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే అది చూడాలి.

1918 నాటి ఇరవై నాలుగు సెంట్ల విమానం బిళ్ళ అక్కడుంది. ఎర్ర చట్రంలో నీలం విమానం, తలకిందులుగా! రెండు రంగులు కాబట్టి కాగితాన్ని రెండుసార్లు అచ్చు వెయ్యాలి, ఒకసారి తిరగబడింది. రోబీ అనే ఉద్యోగి మే 14న ఇదే ఊళ్లో ఇరవై నాలుగు డాలర్లిచ్చి నూరు బిళ్ళల షీటు కొన్నాడు. వారం తిరక్కుండానే పదిహేను వేలకు అమ్మేశాడు. 2023లో అందులో ఒక్క బిళ్ళ వేలంలో ఇరవై లక్షల డాలర్లు దాటింది. పాపం రోబీ!

దానికన్నా నాకు నచ్చింది మర్నాటి కథ. మే 15న మొదటి విమాన తపాలా. అధ్యక్షుడు విల్సన్ స్వయంగా చూడ్డానికొచ్చాడు. ఇంజన్ ఎంతకీ అంటుకోదు. చూస్తే ట్యాంకులో పెట్రోలే లేదు. ఎలాగో పైకి లేచాక, ఉత్తరాన ఫిలడెల్ఫియాకి పోవాల్సిన పైలట్ బాయిల్ దక్షిణానికి పోయి, మేరీలాండ్‌లో వాల్డార్ఫ్ దగ్గర పొలంలో విమానాన్ని ముక్కు మీద దించాడు. బిళ్ళ మీద అచ్చయిన 38262 నంబరు ఆ విమానానిదే.

గోడలోంచి లాగి చూసే ఫ్రేముల్లో బిళ్ళలు వరుసగా ఉంటాయి. 1847లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, జార్జి వాషింగ్టన్‌లతో మొదలు. నల్లజాతి మనిషి బొమ్మ కోసం వెతికితే 1940 దాకా లేదు, విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ మొదటివాడు. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. అంతర్యుద్ధం మొదలైన 1861లో, విడిపోయిన దక్షిణాది చేతిలో మిగిలిన పాత బిళ్ళలు డబ్బుగా పనికిరాకూడదని ఉత్తరాది వాటిని రద్దు చేసి కొత్తవి వేసింది. దక్షిణాది తన బిళ్ళలు తానే వేసుకుంది. 1863లో వాళ్లు వేసిన ఇరవై సెంట్ల బిళ్ళ మీద ఉన్నదెవరనుకున్నారు? జార్జి వాషింగ్టనే. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నాక తాతగారి ఫోటో ఇద్దరిళ్లలోనూ ఉన్నట్టు!

ఓ బల్ల మీద బిళ్ళలు గుట్టగా పోసి ఉంటాయి, నచ్చినవి కొన్ని ఏరుకుని ఉచితంగా తీసుకెళ్లొచ్చు. అక్కణ్ణుంచి నన్ను లేపడానికి మా ఆవిడ పులిహోర డబ్బా గుర్తుచెయ్యాల్సొచ్చింది. స్టేషన్‌లో తిండి దొరుకుతుంది, శాకాహారులకి మాత్రం ఇంటి డబ్బాయే మేలు.

మర్నాడు అదే స్టేషన్ నుంచి రైల్లో ఫిలడెల్ఫియా, రెండు గంటల ప్రయాణం. బాయిల్ పోలేకపోయిన ఊరికి మేం హాయిగా చేరాం. పాత ఊళ్లో ఒక రాత్రికి హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, అన్నిటికీ నడిచి వెళ్లొచ్చు. కానీ బుకింగ్‌లో మా కంటబడని "సౌకర్యాల రుసుము" బిల్లులో తేలింది. అడిగితే చిన్న అక్షరాలు చూపించారు. ఏం సౌకర్యమో పొద్దున కాఫీ కూడా కొనుక్కునే తాగాం.

మార్కెట్ స్ట్రీట్‌లో ఫ్రాంక్లిన్ పేరిట ఉన్న పోస్టాఫీసు చిన్నది, పావుగంటలో చూడ్డం అయిపోతుంది. దానికోసమే ఫిలడెల్ఫియా వెళ్లొద్దు, స్వాతంత్ర్య గంట (లిబర్టీ బెల్) చూడ్డానికి వెళ్తే కలుపుకోండి. 1775లో ఫ్రాంక్లిన్ మొదటి పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యేనాటికి అమెరికాకి ఇప్పటి జెండా లేదు కాబట్టి, ఇక్కడ జెండా ఎగరెయ్యరు. కవరు ఇస్తే "బి. ఫ్రీ ఫ్రాంక్లిన్" అని ఆయన సంతకం తీరులో చేత్తో ముద్ర వేస్తారు. పోస్ట్‌మాస్టరుగా ఉచితంగా ఉత్తరం పంపే హక్కుకి ఆయన పెట్టిన సంతకం అది. "ఫ్రీ"లో స్వేచ్ఛ కూడా ఉందని చెప్పుకుంటారు.

కార్డు మీద విదేశాలకి పంపడానికి వాడే గుండ్రటి స్టాంపు అంటించి, ముద్ర వేయించి, తెనాలి ఇంటికి నా పేరనే పోస్ట్ చేశాను. మేం తిరిగొచ్చిన పది రోజులకి వచ్చింది. దారిలో ఎక్కడో ఎవరో మరో ముద్ర గుద్దారు, సరిగ్గా ఫ్రాంక్లిన్ సంతకం మీద.