జాగ్రత్త: చంద్రుడు ఎక్కడున్నాడో చూసుకోకుండా నక్షత్రాల యాత్ర కొనకండి

అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాల్లోని అబ్జర్వేటరీలు (ఆకాశాన్ని పరిశీలించే కేంద్రాలు), ఉల్కాబిలం, రేడియో టెలిస్కోపులు అన్నిటినీ ఒకే దారిలో గుదిగుచ్చి ‘ఖగోళ యాత్ర’ పేరుతో అమ్మే ప్యాకేజీలు ఉన్నాయి. కారు మనమే నడుపుకోవాలి. బసలు, టికెట్లు, ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలన్న లెక్క వాళ్ళు చూసుకుంటారు. అలాంటిదొకటి కొని మేము ఆగస్టులో ఆరు రోజులు తిరిగాం. వాళ్ళు ప్రకటనలో చూపించిన ఆకాశం మాకు ఒక్క రాత్రి కూడా దొరకలేదు. మబ్బు పట్టిందనో వాన పడిందనో నేను ఈ మాట అనడం లేదు. ఏడాది ముందే తెలిసిపోయే సంగతులను కూడా చూసుకోకుండా, లేదా చూసి దాచిపెట్టి, మాకు ఆ యాత్ర అమ్మారు. ఇలాంటివి కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టేముందు మా అనుభవం ఒకసారి చదవండి.

ఈ ప్రయాణం నాన్నగారి కోసం పెట్టుకున్నది. ఆయన ముప్పై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పారు. సౌరకుటుంబం పాఠం వచ్చినప్పుడల్లా అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్ళో ఉన్న లోవెల్ అబ్జర్వేటరీ కథ చెప్పేవారు. 1930లో క్లైడ్ టాంబా అనే ఇరవై నాలుగేళ్ళ యువకుడు, వేర్వేరు రాత్రుల్లో తీసిన రెండు ఫోటో పలకలను మార్చి మార్చి చూస్తూ, వేల చుక్కల మధ్య చోటు మారిన ఒకే ఒక్క చుక్కను పట్టుకున్నాడు. అదే ప్లూటో. ఆ కథ నేను ఆయన తరగతిలో కూర్చుని విన్నాను. ఇప్పుడు మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని వింటోంది. ముగ్గురం కలిసి ఆ చోటుకు వెళ్ళాలన్న కోరికతోనే, ధర కాస్త ఎక్కువైనా, అన్నీ వాళ్ళే చూసుకుంటారు కదా అని ప్యాకేజీ తీసుకున్నాం.

ముందు చంద్రుడి సంగతి చెబుతాను. అన్నిటికన్నా పెద్ద మోసం అక్కడే జరిగింది.

ప్యాకేజీకి పెట్టిన పేరే ‘పెర్సీడ్ ఉల్కాపాతం ప్రత్యేక యాత్ర’. స్విఫ్ట్-టటిల్ తోకచుక్క విడిచిన ధూళి గుండా భూమి ఏటా ఆగస్టు 12, 13 తేదీల ప్రాంతంలో వెళ్తుంది. అప్పుడు ఉల్కలు బాగా రాలతాయి. తేదీలు సరిగ్గానే పెట్టారు. మేము 12వ తేదీ రాత్రికి ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉండేలా ఏర్పాటు చేశారు. అయితే 9వ తేదీ పౌర్ణమి. 12వ తేదీ రాత్రికి బహుళ చవితి. సంధ్య వెలుగు పూర్తిగా పోయిన కాసేపటికే చంద్రుడు తూర్పున పైకి వచ్చేశాడు. పెర్సీడ్‌లు ఎక్కువగా కనిపించేది అర్ధరాత్రి దాటాక. ఆ వేళకు చంద్రుడు నడినెత్తికి ఎక్కుతూ ఉన్నాడు. మబ్బు తునక లేదు. నిజంగా చీకటి ఉన్న ఆకాశంలో గంటకు యాభై దాకా లెక్కపెట్టవలసిన రాత్రి అది. నాన్నగారు దుప్పటి కప్పుకుని రెండు గంటలు కూర్చుని పదకొండు లెక్కపెట్టారు. పాలపుంత జాడే లేదు. పుస్తకం చదువుకోగలిగినంత వెన్నెల.

ఫ్లాగ్‌స్టాఫ్ మామూలు ఊరు కాదు. రాత్రి ఆకాశాన్ని కాపాడుకోవడం కోసం దీపాలకు నిబంధనలు పెట్టుకుని, 2001లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ ‘డార్క్ స్కై’ నగరంగా గుర్తింపు తెచ్చుకున్న ఊరు. అక్కడికి వెళ్ళి కూడా పాలపుంత చూడకుండా తిరిగి రావడానికి కారణం ఒక్కటే, మమ్మల్ని పంపిన తిథి. మా అమ్మమ్మ బతికుంటే పంచాంగం తిప్పి చెప్పేసేది, ఆ వారం వద్దని.

తిరిగి వచ్చాక ఫిర్యాదు చేస్తే వాళ్ళిచ్చిన జవాబు: ‘ఆకాశ పరిస్థితులకు మేము బాధ్యులం కాము, ఈ షరతు ఒప్పందంలో ఉంది’. ఉంది, నిజమే. మబ్బులకైతే ఆ షరతు న్యాయమే. వచ్చే నెల ఫలానా రాత్రి మబ్బు పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. చంద్రుడు అలా కాదు. పదేళ్ళ తర్వాత ఫలానా రాత్రి అతడు ఎన్ని గంటలకు ఉదయిస్తాడో నిమిషాలతో సహా ఈ రోజే లెక్క కట్టవచ్చు. అలాంటిదాన్ని వాతావరణంతో కలిపేసి ‘ఆకాశ పరిస్థితి’ అని ఒక్క మాటలో తోసేయడం నాకు మింగుడు పడలేదు. కాబట్టి ఎవరు ఏ పేరుతో అమ్మినా ముందు తేదీలు తీసుకుని తిథి చూడండి. అమావాస్యకు అటు నాలుగు రోజులు, ఇటు నాలుగు రోజులు అయితే మంచిది. శుక్ల పక్షం మొదట్లో చంద్రుడు తొందరగా అస్తమిస్తాడు కనుక మిగతా రాత్రంతా చీకటే. పౌర్ణమి నుంచి బహుళ సప్తమి దాకా తేదీలు పడితే అది నక్షత్రాల యాత్ర కాదని తెలుసుకోండి.

ఇక అబ్జర్వేటరీ రాత్రి. యాత్ర మొదటి రెండు రోజులు దక్షిణ అరిజోనాలోని టూసాన్‌లో బస. అక్కడికి నైరుతిగా కిట్ పీక్ కొండ ఉంది. ప్రకటనలో ఆ కొండ మీది మేయాల్ టెలిస్కోప్ బొమ్మ వేసి, పక్కన ‘నాలుగు మీటర్ల టెలిస్కోపులో శనిగ్రహాన్ని మీ కళ్ళతో చూడండి’ అని రాశారు. ఆ వాక్యం దగ్గరే నేను ఆగవలసింది. మేయాల్ టెలిస్కోప్‌కు ఇప్పుడు 5,000 ఆప్టికల్ ఫైబర్లున్న పరికరం అమర్చి ఉంది. ఒక్కో ఫైబర్ ఒక్కో గెలాక్సీ వెలుగును పట్టుకుని వర్ణపటంగా విడదీయడానికి పంపుతుంది. విశ్వం ఎలా విస్తరిస్తోందో కొలవడం దాని పని. అక్కడ కన్ను పెట్టి చూసే కటకం లేదు. పెద్ద పరిశోధక టెలిస్కోపులన్నీ దాదాపు ఇంతే. సందర్శకులకు ఆకాశం చూపించేది చిన్న టెలిస్కోపుల్లో, వాటిలో కూడా శని వలయాలు చక్కగా కనిపిస్తాయి. చిన్నదానిలో చూపిస్తామని చెప్పినా మేము సంతోషంగానే వచ్చేవాళ్ళం. లేనిది ఉందని చెప్పి అమ్మారు.

అంతకంటే దారుణమైన విషయం, మా పేరు మీద అక్కడ ఏ బుకింగూ లేదు. మాకు ఇచ్చిన కాగితం మీద ‘రాత్రి కార్యక్రమం, రిజర్వేషన్ పూర్తయింది’ అని ఉంది, కింద ఒక నంబరు కూడా ఉంది. ఆ నంబరు అమ్మినవాళ్ళ సొంత రసీదు నంబరట. అబ్జర్వేటరీకి ఫోను చేసి అడిగితే అవతలివారు ఎంతో మర్యాదగా చెప్పారు, వానాకాలంలో రాత్రి కార్యక్రమాలు ఉండవని. దక్షిణ అరిజోనాలో జులై, ఆగస్టు నెలలు వానల కాలం. మధ్యాహ్నానికి ఉరుములు మెరుపులు మొదలవుతాయి. అందుకే అక్కడి కొండల మీది టెలిస్కోపుల్లో చాలావాటిని ఆ రోజుల్లో ఆపి, ఏడాదికి సరిపడా మరమ్మతులు చేసుకుంటారు. ఇది ఏటా జరిగేదే. అంటే ఆగస్టులో టూసాన్‌లో ‘అబ్జర్వేటరీ రాత్రి’ అమ్మడమంటే మూసి ఉన్న తలుపుకు టికెట్ అమ్మడమే. ఆ సాయంత్రం మా అమ్మాయి ఏమీ అనలేదు. తాను గీసి పెట్టుకున్న శనిగ్రహం బొమ్మను మడిచి సంచిలో పెట్టుకుంది.

లోవెల్ గురించి ఒక్క చెడ్డ మాట లేదు. 1896 నాటి క్లార్క్ టెలిస్కోప్ గుమ్మటం కింద నిలబడి నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఈ యాత్రలో నా డబ్బుకు తగిన ఫలం దక్కిందీ అంటే ఆ గంటన్నరే. ఆ టికెట్ మాత్రం మేము అక్కడికి వెళ్ళి కొనుక్కున్నదే.

ఎందుకంటే ప్యాకేజీలో ‘అన్ని ప్రవేశాలకూ చెల్లే పాస్’ అని ఇచ్చింది జాతీయ పార్కుల వార్షిక పాస్. ఆ పాస్ మంచిదే, న్యూ మెక్సికోలోని ఇసుక తిన్నెల పార్కు వైట్ శాండ్స్‌లో చెల్లుతుంది, ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గరి సన్‌సెట్ క్రేటర్‌లోనూ చెల్లుతుంది. లోవెల్ మాత్రం లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. ఉల్కాబిలం, అంటే మీటియర్ క్రేటర్, ఒక కుటుంబం సొంత ఆస్తి. అది జాతీయ పార్కు అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. రెండు చోట్లా ముగ్గురికీ మళ్ళీ టికెట్లు కొన్నాం. యాత్రలో చూడవలసిన చోట్లు ఎవరి ఆధీనంలో ఉన్నాయో ఒక్కొక్కటే చూసుకోండి.

అయిదో రోజు కథ వేరు. ఆ రోజు ఫ్లాగ్‌స్టాఫ్‌లో బయలుదేరి, మీటియర్ క్రేటర్ చూసుకుని, న్యూ మెక్సికోలోని వెరీ లార్జ్ అర్రే రేడియో టెలిస్కోపులకు సాయంత్రం చేరాలి. మొత్తం దారి 400 కిలోమీటర్లకు పైనే. కష్టమైనా చేయవచ్చు. కానీ ఆ పట్టిక రాసినవాళ్ళు ఒక గంట మరిచిపోయారు. అరిజోనాలో వేసవిలో గడియారం ముందుకు జరపరు (నవాహో జాతి ప్రాంతం తప్ప). న్యూ మెక్సికోలో జరుపుతారు. అందువల్ల వేసవిలో సరిహద్దు దాటగానే ఒక గంట మాయమవుతుంది. పట్టికలో చూపిన సమయమంతా అరిజోనా గడియారం ప్రకారం ఉంది. మూసే వేళ మాత్రం న్యూ మెక్సికో గడియారం ప్రకారం.

ఆ హడావిడిలో క్రేటర్ దగ్గర నలభై నిమిషాలే గడిపాం. ఇప్పటికీ నాకు బాధగా ఉన్నది ఇదే. దాదాపు 50,000 ఏళ్ళ కిందట ఒక ఇనుప ఉల్క గుద్దుకుని చేసిన గుంత అది. వెడల్పు 1.2 కిలోమీటర్లు, లోతు సుమారు 170 మీటర్లు. అపోలో వ్యోమగాములు అక్కడ శిక్షణ పొందారు. ఆ ఉల్క ముక్కల్లోని సీసాన్ని కొలిచి, శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. నాన్నగారు ఆ లెక్క ఎలా చేశారో మనవరాలికి చెప్పడం మొదలుపెట్టారు. నేను గడియారం చూపించి మధ్యలోనే లేవదీశాను.

లేవదీసి ఏం సాధించాం? మేము వెళ్ళేసరికి సందర్శకుల కేంద్రం మూసేశారు. రోడ్డు ఆ మైదానం మధ్యనుంచే పోతుంది కనుక కంచె ఇవతల ఆగి చూశాం. మొత్తం 27 యాంటెన్నాలు, ఒక్కొక్కటి 25 మీటర్ల వెడల్పు, ఆంగ్ల అక్షరం వై ఆకారంలో మూడు వరుసలు. వాటిని పట్టాల మీద జరుపుతూ ఉంటారు. దగ్గరకు చేర్చినప్పుడు ఒక కిలోమీటరు వ్యాసంలో అన్నీ గుమిగూడి ఉంటాయి, దూరంగా జరిపినప్పుడు 36 కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. ప్రకటనలోని ఫోటో గుమిగూడినప్పటిది. మేము వెళ్ళినప్పుడు దూరదూరంగా ఉన్నాయి. ఏ నెలల్లో ఎలా ఉంటాయో కూడా ముందే ప్రకటిస్తారు. అయినా సాయంత్రపు ఎండలో అవన్నీ ఒక్కసారిగా, చప్పుడు లేకుండా ఒకే వైపు తిరిగినప్పుడు మేము ముగ్గురం కారు దిగి నిలబడిపోయాం. ఆ నిమిషానికి మాత్రం కోపం గుర్తు లేదు.

మరొక సంగతి. దారి చూపడానికి, వివరాలు వినిపించడానికి వాళ్ళు ఇచ్చిందంతా ఇంటర్నెట్ ఉంటేనే పనిచేసే ఫోను యాప్. ఆ యాంటెన్నాల దగ్గర ఫోన్లు ఆపేయమంటారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో సంకేతాలు అంత బలహీనమైనవి, పక్కన ఒక్క ఫోను మాట్లాడినా వాటిని ముంచేస్తుంది. అక్కడ వాడకూడని వస్తువునే అక్కడికి మార్గదర్శిగా ఇచ్చారు. కాగితం మీది మ్యాపు ఒకటి దగ్గర పెట్టుకోండి. విదేశీ పౌరులైతే పాస్‌పోర్ట్ కూడా కారులోనే ఉంచుకోండి. దక్షిణ న్యూ మెక్సికో, అరిజోనా దారుల్లో దేశం లోపల కూడా సరిహద్దు గస్తీ తనిఖీ కేంద్రాలుంటాయి. నాన్నగారిది సందర్శకుల వీసా, పాస్‌పోర్ట్ ఆయన సంచిలోనే ఉండబట్టి సరిపోయింది. ప్యాకేజీ కాగితాల్లో ఈ మాట ఎక్కడా లేదు.

డబ్బు విషయానికి వస్తే, అమ్మినవాళ్ళు పైసా తిరిగి ఇవ్వలేదు. మేము క్రెడిట్ కార్డుతో కట్టాం కాబట్టి, అబ్జర్వేటరీలో మా పేరున బుకింగ్ లేదన్న ఈమెయిల్ జతచేసి కార్డు సంస్థకు రాశాం. ఆ రాత్రికి వేసిన మొత్తం వెనక్కి వచ్చింది. పౌర్ణమి తేదీలకు, చెల్లని పాస్‌కు, తప్పు పట్టికకు ఏమీ రాలేదు. అమెరికాలో ఇలాంటి ఫిర్యాదు స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా వెళ్ళాలి. మేము అమ్మినవాళ్ళతో వాదిస్తూ ఐదు వారాలు పోగొట్టుకున్నాం. మీరు అలా ఆగవద్దు, రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టండి.

ఇలాంటి ప్యాకేజీకి ఇప్పటికే డబ్బు కట్టి ఉన్నవారు ఈ రోజే ఒక పని చేయండి. కాగితంలో రాసిన ప్రతి అబ్జర్వేటరీకి మీరే ఫోను చేసి, మీ పేరు, తేదీ చెప్పి, బుకింగ్ ఉందా అని అడగండి. ఉంటే ఏ టెలిస్కోపులో చూపిస్తారో, మబ్బు పడితే ఏం చేస్తారో, ఎన్ని గంటలకు, ఏ రాష్ట్రపు గడియారం ప్రకారం రావాలో అడిగి రాసుకోండి. బుకింగ్ లేదని వాళ్ళు చెబితే ఆ మాటను ఈమెయిల్‌లో పంపమని కోరండి. మాకు డబ్బులో కొంత భాగమైనా తిరిగి తెచ్చిపెట్టింది ఆ ఒక్క ఈమెయిలే.